ముగ్గురు సాక్షులు

అచ్చుపడిన అంకెకు వున్న మర్యాద మనిషి నోటిమాటకు లేదు. వెనక రైల్వే స్టేషన్లలో బరువు తూచే యంత్రాలు వుండేవి, రంగు దీపాలు మిణుకు మిణుకుమంటూ. బిళ్ల వేస్తే చిన్న అట్టముక్క రాలిపడేది. ఒక ప్రక్క బరువు, రెండో ప్రక్క జాతకం. 'త్వరలో ఉన్నత పదవి లభించును' అని వుంటే మా నాన్నగారు పక్కున నవ్వి, "గుమాస్తాకి ఉన్నత పదవేమిటిరా!" అనేవారు. బరువును మాత్రం నమ్మేవారు. జాతకం చెప్పిందీ ఆ యంత్రమే, బరువు చెప్పిందీ ఆ యంత్రమే. అయినా అంకె గదా! అంకె అబద్ధమాడుతుందా?

ఆడుతుంది. ఒకరి సీసా బదులు ఇంకొకరి సీసా పెట్టడం, చుక్క తప్పు చోట పడడం వంటి పొరపాట్ల మాట నేను చెప్పడం లేదు. రక్తం మనదే. యంత్రం కొత్తది. పరీక్ష చేసినవాడు శ్రద్ధగా చేశాడు. అయినా కాగితం మీద పడిన అంకె అబద్ధం. ఇలా కూడా జరుగుతుందని రెండేళ్ల క్రిందట మా అమ్మాయి విషయంలో మాకు తెలిసివచ్చింది. తెలియకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నది. పెళ్లయి అప్పటికి 5 ఏళ్లు. పిల్లల కోసం ఎదురు చూస్తున్న రోజులు. ఆ ఎదురుచూపు ఆలుమగలిద్దరిదే అయితే చిక్కు లేకపోను. మా వియ్యపురాలు, ఆవిడ తోడికోడళ్లు, మా ఆవిడ, ఆవిడ చెల్లెళ్లు, అందరూ ఎదురు చూస్తున్నారు. ఫోను చేసినవాళ్లంతా కుశలప్రశ్న కాగానే, "ఏమైనా విశేషమా?" అనడం. పాపం, అమ్మాయి నవ్వుతూనే జవాబు చెప్పేది గాని, ఆ నవ్వు నానాటికీ పలచబడుతున్నదని తల్లికీ తండ్రికీ తెలియకుండా వుంటుందా?

చివరికి ఒక డాక్టరమ్మగారిని కలిశారు. ఆవిడ అన్నిటికంటే ముందు థైరాయిడు పరీక్ష చేయించుకోమన్నది. మెడలో సీతాకోకచిలుక ఆకారంలో వుండే చిన్న గ్రంథి అది. దానినుంచి వచ్చే రసం ఎక్కువైతే వొళ్లంతా పరుగే. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, తిన్న తిండి వొంటబట్టదు, వుక్క భరించలేరు. తక్కువైతే అంతా మందకొడి. మెదడు క్రింద వుండే మరో గ్రంథి, టి.ఎస్.హెచ్. అనే హార్మోను ద్వారా దీనిమీద అజమాయిషీ చేస్తుంది. థైరాయిడు రసం ఎక్కువైతే టి.ఎస్.హెచ్. తగ్గిపోతుంది, తక్కువైతే పెరుగుతుంది. త్రాసులో రెండు తట్టల వంటివి ఈ రెండూ.

రిపోర్టు వచ్చింది. సుమారు 0.4 నుంచి 4 దాకా వుండవలసిన టి.ఎస్.హెచ్. 0.08 వుంది. థైరాయిడు రసం, దాన్ని ఫ్రీ టి-4 అంటారు, పై హద్దు దాటి ఎక్కడో వుంది. వెంటనే హార్మోనుల స్పెషలిస్టు దగ్గరికి పంపారు. ఆయన మూడో పరీక్ష రాశాడు, థైరాయిడును పట్టి రెచ్చగొట్టే యాంటీబాడీలు రక్తంలో వున్నాయా అని. వున్నాయని వచ్చింది. మూడు కాగితాలూ ప్రక్కప్రక్కన పెట్టి, "గ్రేవ్స్ జబ్బు" అన్నాడాయన. రాబర్ట్ గ్రేవ్స్ అనే ఐరిష్ వైద్యుడు 1835లో దీన్ని వర్ణించాడు గనుక ఆ పేరు వచ్చింది. కాని గ్రేవ్ అంటే ఇంగ్లీషులో సమాధి అని తెలిసిన తండ్రికి ఆ పేరు ఫోనులో వినడం ఎలా వుంటుందో నేను వేరే చెప్పనక్కర్లేదు.

పేరు కంటే వైద్యం గట్టి దెబ్బ. మాత్రలు మొదలు పెట్టాలి. ఆ మాత్రలు వాడుతుండగా గర్భం వస్తే తొలి నెలల్లో బిడ్డకు లోపాలు కలిగే భయం వుంది. లేకపోతే రేడియో అయొడిన్ ఇచ్చి గ్రంథిని అణిచివెయ్యవచ్చు. అలా చేస్తే తరువాత కనీసం 6 నెలలు గర్భం మాట తలపెట్టకూడదు. పైగా చాలామందికి ఆ పైన జన్మంతా థైరాయిడు మాత్ర మింగడమే. "పిల్లల సంగతి ప్రస్తుతానికి ప్రక్కన పెట్టండి" అన్నాడట ఆ డాక్టరు. ఆయన మంచివాడే. తొందరపాటు మనిషీ కాదు. మూడు కాగితాలు ఒకే మాట చెబుతుంటే ఆయన మాత్రం మరొకటి ఎలా అంటాడు?

ఆ శనివారం అమ్మాయి గుంటూరు వచ్చింది. వాళ్లమ్మ గుమ్మంలోనే కావలించుకుని ఏడ్చింది. నేను మాట్లాడకుండా పిల్లని చూస్తూ కూర్చున్నాను. ఆవకాయతో కడుపునిండా అన్నం తిన్నది. మధ్యాహ్నం హాయిగా నిద్రపోయింది. రాత్రి, "నాన్నగారూ, ఫ్యాను తగ్గించండి, చలేస్తున్నది" అన్నది. కాగితం ప్రకారం ఆ పిల్లకి వుక్క పోయాలి, నిద్ర పట్టకూడదు, చిక్కిపోవాలి. వీటిల్లో ఒక్కటీ లేదు. నాకు వైద్యం తెలియదు గాని, ఈ కాగితానికీ ఈ పిల్లకీ ఎక్కడా చుట్టరికం వున్నట్టు కనిపించలేదు.

మా వీధి చివర ఒక పెద్ద డాక్టరుగారున్నారు. వైద్య కళాశాలలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మరునాడు ప్రొద్దున్నే ముగ్గురం వెళ్లాం. ఆయన కాగితాలు ముట్టుకోలేదు. మొదట అమ్మాయి చెయ్యి అందుకుని, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టారు. 72. కళ్లు చూశారు, మెడ తడిమారు. రెండు చేతులూ ముందుకు చాపమని, వేళ్లమీద ఆనాటి దినపత్రిక కాగితం ఒకటి పరిచారు. చేతులు వణికితే కాగితం రెపరెపలాడాలి. అది కదలలేదు. అప్పుడు గాని రిపోర్టులు విప్పలేదు. విప్పి, చూసి, కళ్లజోడు తీసి నవ్వారు.

"ఈ కాగితాలు చూస్తే నువ్వు మంచం పట్టి వుండాలమ్మా. నిన్ను చూస్తే ఈ కాగితాలకే వైద్యం చేయించాలనిపిస్తున్నది. ఏమేం మందులు వాడుతున్నావు తల్లీ?"

"మందులేమీ వాడడం లేదండీ."

"మందులని కాదు. మింగేవి. టానిక్కు, పొడి, ఆకు, లేహ్యం, ఏదైనా సరే."

"జుట్టు రాలుతున్నదని విటమిన్ మాత్రలు వేసుకుంటున్నానండీ. ప్రొద్దున కాఫీతో రెండు."

"విటమిన్ మందెలా అవుతుందండీ?" అన్నది మా ఆవిడ.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని వూరికే అన్నారా!" అన్నారాయన. అమ్మాయి సంచీలోనే వుంది సీసా. బయోటిన్, మాత్రకు 10 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, మనం తినే తిండిలోనే అది దొరుకుతుంది. ఇది అందుకు 600 రెట్లకు పైన. పరీక్ష రోజున కూడా రెండు మాత్రలూ వేసుకుని, గంటకల్లా రక్తం ఇచ్చి వచ్చింది. అలా వేసుకోవద్దని ఆ లేబరేటరీలో ఎవరూ చెప్పలేదు, ఏం మింగావని అడగనూ లేదు.

అప్పుడు డాక్టరుగారు గోడ చూపించారు. దానికి వరసగా చిలకకొయ్యలు, వాటికి ఆయన చొక్కా, గొడుగు, చేతిసంచీ వేలాడుతున్నాయి.

"పరీక్ష గొట్టంలో కూడా ఇలాంటి చిలకకొయ్యలే వుంటాయనుకోండి. వాటి పేరు స్ట్రెప్టావిడిన్. దానికి బయోటిన్ అంటే ప్రాణం. ఒకసారి పట్టుకుంటే ఇక వదలదు. ఆ పట్టు చూసే పరీక్షలు తయారు చేసేవాళ్లు దాన్ని పనిలోకి పెట్టుకున్నారు. హార్మోనును పట్టే యాంటీబాడీకి బయోటిన్ తో ఒక వుంగరం తొడుగుతారు. ఆ వుంగరం చిలకకొయ్యకు తగులుకుంటుంది. రెండో వైపు నుంచి మరో యాంటీబాడీ దీపం పట్టుకుని వచ్చి అదే హార్మోనును పట్టుకుంటుంది. నీళ్లు పోసి కడిగేస్తే తగులుకోనివన్నీ కొట్టుకుపోతాయి. మిగిలిన వెలుతురు కొలుస్తారు. వెలుతురెక్కువుంటే హార్మోను ఎక్కువ. టి.ఎస్.హెచ్. పరీక్ష ఇదే.

"ఇప్పుడు మీ అమ్మాయి రక్తం నిండా బయోటిన్. అంటే వుత్త వుంగరాలు. అవి ముందే పోయి కొయ్యలన్నీ ఆక్రమించినవి. అసలు సరుకు వేలాడడానికి చోటు లేదు. కడిగేసరికి అంతా కొట్టుకుపోయింది. వెలుతురు లేదు. యంత్రం ఏమంటుంది? టి.ఎస్.హెచ్. లేదంటుంది."

"మరి టి-4 ఎక్కువెందుకు వచ్చిందండీ? అది కూడా తగ్గాలి గదా?" అన్నాను.

"అక్కడే వుంది తమాషా. టి-4 మరీ చిన్నది. రెండు వైపులా ఇద్దరు పట్టుకోవడానికి చాలదు. అందుచేత దానికి పోటీ పెడతారు. దీపం పట్టుకున్న యాంటీబాడీ దగ్గర సీట్లు కొన్నే. రోగి హార్మోను కొన్నింటిలో కూర్చుంటుంది. మిగిలిన వాటిలో వుంగరం తొడిగిన లేబరేటరీ హార్మోను కూర్చుని, దీపంతో సహా కొయ్యకు వేలాడుతుంది. కనుక ఇక్కడ లెక్క తలక్రిందులు. వెలుతురు తగ్గితే రోగి హార్మోను ఎక్కువని అర్థం. వుత్త వుంగరాలు కొయ్యలాక్రమిస్తే ఇక్కడా వెలుతురు పోతుంది. పోతే యంత్రం టి-4 పెరిగిందంటుంది. మూడో పరీక్షా ఈ పోటీ రకమే. ఒక దొంగ, మూడు అబద్ధాలు. మూడూ కలిసి అచ్చంగా గ్రేవ్స్ జబ్బు వేషం కట్టినవి."

"ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబితే కోర్టు కూడా నమ్ముతుంది గదండీ!"

"ఆ ముగ్గురూ ఒకే ఇంట్లో భోంచేసి కోర్టుకి వచ్చారని తెలిస్తే నమ్ముతుందా? ఈ మూడు పరీక్షలూ వేలాడింది ఒక్క చిలకకొయ్యకే. వేరే వూరి సాక్షి ఒకడున్నాడు, మీ అమ్మాయి నాడి. వాడినెవరూ అడగలేదు."

రెండు రోజులు మానితే సాధారణంగా చాలునట. అమెరికా థైరాయిడు వైద్యుల సంఘం చెప్పేది కూడా కనీసం రెండు రోజులనే. ఆయన మాత్రం, మోతాదు పెద్దది గనుక, వారం ఆగమన్నారు. ఆ వారం మా ఇంట్లో పట్టపగలు కూడా దేవుడి దగ్గర దీపం వెలుగుతూనే వుంది. ఎనిమిదో రోజున మళ్లీ రక్తం ఇచ్చింది. టి.ఎస్.హెచ్. 2.1. టి-4 హద్దుల్లో వుంది. యాంటీబాడీలు లేవు. లేని జబ్బుకు మందు మొదలు పెట్టకుండా, ఎదురు చూస్తున్న ఇల్లాలికి విలువైన నెలలు వృథా కాకుండా, ఒక చిన్న ప్రశ్న కాపాడింది.

ఆ తరువాత నేను తోచినప్పుడల్లా ఈ సంగతులు తెలుసుకుంటూ వచ్చాను. అసలు రక్తంలో హార్మోనులు కొలిచే విద్యకు మూలపురుషులు సాలమన్ బెర్సన్, రోజలిన్ యాలో అనే ఇద్దరు. న్యూయార్కులో మాజీ సైనికుల ఆసుపత్రిలో పని చేసేవారు. ఇన్సులిన్ తీసుకునే మధుమేహ రోగుల రక్తంలో, ఆ ఇన్సులిన్ ను పట్టుకునే యాంటీబాడీలు పుడుతున్నాయని 1950లలో కనిపెట్టారు. పత్రికలవాళ్లు మొదట నమ్మలేదు, వ్యాసం త్రిప్పి పంపారు. పట్టు వదలకుండా ఆ యాంటీబాడీనే కొలపాత్ర చేసుకుని, అంతవరకు కొలతకు దొరకని ఇన్సులిన్ ను కొలిచి చూపించారు. 1972లో బెర్సన్ పోయాడు. 1977లో నోబెల్ బహుమతి అందుకునే భాగ్యం యాలోకే దక్కింది. వాళ్లు ఆ పద్ధతికి పేటెంటు తీసుకోలేదట. లోకమంతటికీ వదిలేశారు. ఎంతమంది తల్లులు, బిడ్డలు ఆ విద్య వల్ల బాగుపడ్డారో లెక్కకు అందదు.

చిత్రమేమిటంటే, మనిషి రక్తంలో పుట్టిన యాంటీబాడీ వల్ల పుట్టిన ఈ విద్యను, మనిషి రక్తంలోని మరో రకం యాంటీబాడీలే అప్పుడప్పుడు మోసగిస్తాయి. పరీక్షల్లో వాడే యాంటీబాడీలు చాలావరకు ఎలుకల వంటి జంతువుల నుంచి వచ్చినవి. కొందరి రక్తంలో, జంతువుల యాంటీబాడీలను పట్టుకునే యాంటీబాడీలు వుంటాయి. అవి ఒక చేత్తో ఈ యాంటీబాడీని, ఒక చేత్తో ఆ యాంటీబాడీని పట్టుకుని వంతెన కడతాయి. నడుమ హార్మోను లేకపోయినా దీపం వెలుగుతుంది.

ఇందువల్ల అమెరికాలో జరిగిన ఘోరం చదివితే మనసు వికలమవుతుంది. గర్భిణుల రక్తంలో వుండే హెచ్.సి.జి. అనే హార్మోను, గర్భం లేని కొందరు ఆడవాళ్లలో వున్నట్టు రిపోర్టులు వచ్చాయి. గర్భం లేకుండా ఆ హార్మోను వుందంటే ఒక రకం క్యాన్సర్ కావచ్చునని వైద్యులనుకున్నారు. అలా లేని క్యాన్సర్ వుందన్న 12 మంది స్త్రీల కథ 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వాళ్లలో ఎక్కువమందికి అనవసరంగా ఆపరేషన్లో, క్యాన్సర్ మందులో తప్పలేదు. తీరా చూస్తే హార్మోను లేనేలేదు. ఆ వంతెన యాంటీబాడీలు పెద్దవి, మూత్రంలోకి దిగవు. కనుక మూత్రం పరీక్ష చేసి వుంటే అక్కడ ఏమీ కనిపించేది కాదు, అనుమానం అప్పుడే తట్టేది. వేరే వూరి సాక్షిని పిలవకపోవడమే అక్కడా జరిగింది.

అబద్ధం ఎప్పుడూ లేని జబ్బును వున్నట్టే చూపదు. వున్న జబ్బును లేనట్టూ చూపగలదు. బయోటిన్ సంగతే చూడండి. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షలో అది అంకెను తగ్గించి చూపవచ్చు. ఇలా తప్పుగా తగ్గి కనిపించిన తరువాత ఒక రోగి మరణించినట్టు తమకు తెలియవచ్చిందని అమెరికా ఆహార, ఔషధ శాఖ 2017 నవంబరులో హెచ్చరిక చేసింది. ఆ తరువాత కొన్ని కంపెనీలు తమ పరీక్షలను బయోటిన్ కు లొంగకుండా సవరించుకున్నాయి. అందుచేత అన్ని యంత్రాలూ మోసపోవు. ఏది మోసపోతుందో, ఏది పోదో రోగికి తెలిసే దారి మాత్రం లేదు. ఇంత చేసి, లోపం లేనివాళ్లకు బయోటిన్ తో జుట్టు ఒత్తుగా పెరుగుతుందనడానికి గట్టి రుజువే లేదట.

ఇది చదివి, "రిపోర్టులన్నీ బూటకమే" అని ఎవరైనా మందులు మానేస్తారేమోనని నాకు భయం. అలా చెయ్యకండి. చాలావరకు రిపోర్టులు నిజమే చెబుతాయి. నిజంగా థైరాయిడు జబ్బు వున్నవాళ్లు మందు మానితే ప్రాణం మీదికి వస్తుంది. మన ఇష్టానికి వ్యతిరేకంగా వచ్చిన అంకెల్లా అబద్ధం కాదు. వొంటి లక్షణాలకూ అంకెకూ పొత్తు కుదరనప్పుడు మాత్రం, మనం తీర్పు చెప్పకుండా డాక్టరునే అడగాలి. "అయ్యా, ఇది ఇంకో పద్ధతిలో చూడడానికి వీలుందా?" అని. వీలుంటుంది. వేరే కంపెనీ యంత్రం మీద చూడవచ్చు. రక్తాన్ని పలచన చేసి చూడవచ్చు. రెండింతలు పలచన చేస్తే అంకె సగం కావాలి, కాకపోతే ఏదో మోసం వున్నట్టే. వంతెన కట్టే యాంటీబాడీలను అణిచే మందు కలిపి చూడవచ్చు. ఈ అడగడంలో డాక్టరును అవమానించడమేమీ లేదు. మా హైదరాబాదు డాక్టరుకు అమ్మాయి రెండో రిపోర్టు పట్టుకెళ్లి చూపిస్తే, ఆయన కోపగించుకోలేదు. సీసా మీది పేరు తన పుస్తకంలో వ్రాసుకుని, "ఇక ప్రతివారినీ అడుగుతానమ్మా" అన్నాడట.

మా ఆవిడ కూడా ఒక పుస్తకం పెట్టింది. చాకలి పద్దు వ్రాసే పాత నోటుబుక్కు. ఒక పుటలో 'మందులు' అని శీర్షిక. అక్కడ నా రక్తపోటు మాత్రా, తన కాల్షియమూ వ్రాసింది. ఎదుటి పుటలో 'మందులు కానివి' అని. అక్కడ త్రిఫల చూర్ణం దగ్గర్నుంచి మోకాళ్ల నొప్పులకు మా మరదలు పంపిన పొడిదాకా అన్నీ వున్నాయి. డాక్టరు దగ్గరికి ఎవరు బయలుదేరినా ఆ పుస్తకం సంచీలో వెయ్యవలసిందే. ఈ మధ్య చూస్తే మొదటి పుట అక్కడే వుంది గాని, రెండోది నిండిపోయి వెనక పుటలోకి నడిచింది.